రోస్కో రిపోర్టు

మార్చిలో పోయాడు. కవరు జూన్‌లో వచ్చింది,
అగస్టా నుంచి, కరెంటు బిల్లుతో పాటు.
మొదట బిల్లే చింపాను.

నాలుగు పేజీలు.
పైన మా తమ్ముడి పేరు,
ఇంటిపేరు ముందు, ఒక కామా, తర్వాత రోస్కో,
బడిలో హాజరు పిలిచినట్టు.
కింద, తొడ నరం నుంచి తీసిన రక్తం, రెండు సీసాలు.
కంటి నీరు, ఒక సీసా.
కంటి నీరంటే కన్నీరు కాదట,
గుడ్డు లోపల ఉండేదట.
ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికే ఏడ్చేశాను.

నేను జోన్స్‌పోర్ట్ రేవులో కాటా దగ్గర పని చేస్తాను.
పడవ దిగిన ప్రతి లాబ్‌స్టర్ బుట్టా నా చేతి మీదుగా పోవాల్సిందే.
పౌను, అరపౌను, బుట్ట బరువు తీసేస్తే ఎంత,
ఇరవై రెండేళ్లలో నా తూకాన్ని ఒక్కడూ తప్పు పట్టలేదు.
నానోగ్రాము మాత్రం నాకు తెలీదు.
ఫెంటనిల్ పద్నాలుగు, అని ఉంది.
పద్నాలుగు ఎక్కువా, తక్కువా?
నాకు తెలిసిన పద్నాలుగు వాడి వయసు,
నాన్న పడవ తాళం కొట్టేసి
దీవి దాకా ఒక్కడే పోయొచ్చిన ఏడు.

మందుల షాపు పెల్కీ కళ్లజోడు పైకి నెట్టుకుని
కాగితం వెనక లెక్క కట్టాడు.
"ఒంట్లో నెత్తురంతా పోగేసినా
ఒక ఉప్పు రవ్వంత, థీడా."
ఉప్పు.
గుమ్మాల మీద, కిటికీ అద్దాల మీద, కనుబొమల మీద
పుట్టినప్పటి నుంచీ తుడుచుకుంటూనే ఉన్నాం.

మిగతావి నేనే చదువుకున్నాను, వేలు పెట్టి.
మద్యం: కనపడలేదు.
అంటే అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, ఆ ఒక్క మాట.
నికోటిన్: ఉంది.
దొంగ వెధవ. మానేశానన్నాడు,
నా ముందు పుదీనా బిళ్లలు చప్పరిస్తూ.
కెఫీన్: ఉంది.
ఆ పొద్దున నేను పోసిన కాఫీ.
ఫ్లాస్కు మూతతో, నిలబడే తాగాడు,
మూతి కాలిందని నన్నే తిట్టాడు.
నా చేతి కాఫీ సర్కారు కాగితం మీదికి ఎక్కింది.
అక్కడ కాసేపు ఆగాను.

తర్వాతి మాటకు నోరు తిరగలేదు. నాలోక్సోన్. ఉంది.
ఇదీ కొన్నాడా, అన్నాను.
పెల్కీ ఈసారి కళ్లజోడు తీసేశాడు.
"అది వేసుకునేది కాదు. ఇంకొకరు వేసేది.
ఊపిరి ఆగినవాడికి, ముక్కులోకి."

అంబులెన్సు వాళ్లు వేయలేదు.
వాళ్లొచ్చేసరికే చల్లబడ్డాడని వాళ్ల రాతలోనే ఉంది.

ఎవరో వాడి తల వెనక్కి వంచారు.
ఎవరో ఆ ప్లాస్టిక్ మీట నొక్కారు.
ఎవరో చూశారు, నిమిషమో, పదో,
ఏ కాగితమూ చెప్పదు.
తర్వాత వెళ్లిపోయారు.

పోలీసులిచ్చిన సంచిలో ఒక కోటు ఉంది,
వాడి భుజాలకు పట్టనిది.
వాడి మీద కప్పి ఉందన్నారు.
పొరపాటున కలిసిందనుకున్నాం.

అమ్మ ఈ మూడు నెలల్లో ఏ మందని అడగలేదు, ఎంతని అడగలేదు.
ఒంటరిగా పోయాడా అనే అడిగింది, రోజుకోసారి.
ఆ రాత్రి చెప్పాను, లేదమ్మా.
మరి ఎందుకు వదిలేసి పోయారు అంది.
నేను కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

కోటు తెచ్చి కాటా పక్కన మేకుకి తగిలించాను.
పడవలొస్తాయి, బుట్టలు దించుతారు,
అంకె చెప్తాను, సంతకం పెట్టి పోతారు.
మేకు వైపు చూసేవాళ్లతో నాకు పని లేదు.
చూడనివాళ్లని చూస్తాను.
దొరికితే చెంప పగలగొట్టాలా, కాఫీ పోయాలా,
ఇంకా తేలలేదు, ముల్లు ఆడుతూనే ఉంది.
ఎడమ జేబు చిరిగి ఉంటే మాత్రం
కుట్టాను.